నెట్ పోయినా రైలు ఆగాలి: ఎడ్జ్, ఫాగ్ కంప్యూటింగ్‌ని మన ‘కవచ్’తో అర్థం చేసుకుందాం

ఈ మధ్య రివ్యూకి వచ్చే ఏ ఫోన్ బాక్స్ చూసినా ‘ఆన్ డివైస్ ఏఐ’ అని ఒక ముక్క కనిపిస్తోంది. సెక్యూరిటీ కెమెరా బాక్స్ మీద ‘ఎడ్జ్ ఏఐ’ అని ఉంటుంది, వైఫై రూటర్ మీద ‘ఎడ్జ్ రెడీ’ అని ఉంటుంది. సరే, ఈ ఎడ్జ్ అంటే ఏంటి, దాని పక్కనే అప్పుడప్పుడు వినిపించే ఫాగ్ అంటే ఏంటి అని వెతికితే ప్రతి వ్యాసంలోనూ ఒకటే ఉదాహరణ: కాలిఫోర్నియా రోడ్ల మీద డ్రైవర్ లేకుండా తిరిగే కారు. మనలో ఎంతమంది ఆ కారు ఎక్కాం చెప్పండి?

అందుకే నేను రైలుతో చెప్తాను. నేనుండేది చిలకలగూడలో. సికింద్రాబాద్ స్టేషన్ ఇక్కడికి నడిచి వెళ్లే దూరం, దక్షిణ మధ్య రైల్వే హెడ్డాఫీసు రైల్ నిలయం కూడా దగ్గరే. దేశంలో రైళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఆపే ‘కవచ్’ సిస్టమ్‌ని మొదట పరీక్షించింది, మొదట పెద్ద ఎత్తున బిగించింది ఈ జోన్ పట్టాల మీదే. దాని పెట్టెలు తయారుచేసే కంపెనీల్లో మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. రైల్వే వాళ్లు దీన్ని ఎక్కడా ఎడ్జ్ అనో ఫాగ్ అనో పిలవరు, సిగ్నలింగ్ అంటారు. కానీ లోపల జరిగే పని చూస్తే, నా దృష్టిలో ఈ రెండు మాటలకీ మన దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ముందు క్లౌడ్ సంగతి

మీరు ఫోన్లో ఏదో అడిగారు. ఆ మాట టవర్‌కి వెళ్లి, అక్కడి నుంచి ఫైబర్‌లో పడి, ఎక్కడో డేటా సెంటర్‌లోని సర్వర్‌కి చేరి, జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కి.మీ. వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబై దాకా కేబుల్ 700 కి.మీ. ఉందనుకుంటే, పోయి రావడానికి 7 మిల్లీసెకన్లు. రేడియో దగ్గర, మధ్యలో రూటర్ల దగ్గర, సర్వర్ ముందు క్యూలో అయ్యే ఆలస్యం కలిపితే అది పదుల్లోకి, ఒక్కోసారి వందల్లోకి పోతుంది.

“ఎడ్జ్ ఎందుకు?” అంటే అందరూ ఇక్కడే ఆగిపోయి “లేటెన్సీ తగ్గించడానికి” అంటారు. నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. ఎందుకంటే 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్‌కి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది. సర్వర్ మన ఊళ్లోకే వచ్చేసింది కదా, మరి ఎడ్జ్ గొడవ అయిపోవాలి. అవ్వలేదు. అసలు సమస్య సగటు వేగం కాదు కాబట్టి. 99 సార్లు 40 మిల్లీసెకన్లలో వచ్చిన జవాబు వందోసారి 4 సెకన్లకి వస్తే ఏం చేస్తాం? అసలు రాకపోతే ఏం చేస్తాం? వీడియో అయితే చక్రం తిరుగుతుంది, మనం టీ కప్పు అందుకుంటాం. రైలుకి ఆ వీలు లేదు.

లెక్క వేద్దాం. గంటకి 130 కి.మీ. వేగంతో వెళ్లే రైలు ఒక్క సెకనులో 36 మీటర్లు ముందుకు పోతుంది. 4 సెకన్లంటే 144 మీటర్లు. పైగా బ్రేక్ వేసిన వెంటనే ఆగదు, ఆ వేగంలో ఆగడానికి దాదాపు కిలోమీటరు తీసుకుంటుంది. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ వైపు ఎప్పుడైనా వెళ్లినవాళ్లకి తెలుసు, ఊళ్లు పలచబడేకొద్దీ ఫోన్లో సిగ్నల్ గీతలు ఎలా కిందికి దిగుతాయో. బ్రేక్ వెయ్యాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ గీతల మీద ఆధారపడే సర్వర్‌కి ఎవరూ అప్పగించరు.

ఎడ్జ్ ఏది, ఫాగ్ ఏది

ఎడ్జ్ అంటే డేటా పుట్టిన చోటే, లేదా దాన్ని ఆనుకునే, దాని మీద పని చేసెయ్యడం. మీ వేలిముద్రని ఫోన్ ఎక్కడికీ పంపకుండా తనలోనే పోల్చి తాళం తీస్తుంది చూడండి, అది ఎడ్జ్. ఆలోచన మరీ కొత్తదేం కాదు. వెబ్ పేజీల నకళ్లని జనానికి దగ్గరగా పెట్టడం కోసం 1998లోనే అకమై అనే కంపెనీ పుట్టింది. ఫోన్‌కి దగ్గర్లో చిన్న క్లౌడ్ ఒకటి ఉండాలని, దాన్ని ‘క్లౌడ్‌లెట్’ అని పిలుద్దామని కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన మహాదేవ్ సత్యనారాయణన్, ఆయన సహచరులు 2009లో రాశారు.

ఫాగ్ అన్న పేరు సిస్కో వాళ్లు తెచ్చారు, 2012 ప్రాంతంలో. క్లౌడ్ అంటే పైన ఎక్కడో ఉండే మబ్బు. అదే మబ్బు నేలకి దిగితే పొగమంచు. అంటే పరికరానికీ, దూరంగా ఉన్న డేటా సెంటర్‌కీ మధ్యలో ఉండే కంప్యూటర్ల వరుస అన్నమాట. ఆ మధ్య వరుస ఎందుకంటే, ఒక్కో పరికరానికి తన ముందున్నదే తెలుస్తుంది. పక్కవాడు ఏం చేస్తున్నాడో తెలియదు. చుట్టుపక్కల పది పరికరాల సంగతి చూసి, అందరికీ కలిపి ఒక మాట చెప్పేవాడొకడు దగ్గర్లో ఉండాలి. వాడు మరీ దూరంగా ఉంటే మళ్లీ పాత సమస్యే.

ఇక్కడో చిన్న పక్కమాట. ఈ ఫాగ్ అన్న పదం కోసం 2015లో ఇంటెల్, సిస్కో, మైక్రోసాఫ్ట్, డెల్, ఆర్మ్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కలిసి ‘ఓపెన్‌ఫాగ్ కన్సార్టియం’ అని పెట్టారు. 2018లో ఐట్రిపుల్‌ఈ దీనికి 1934 నంబరుతో ఒక ప్రమాణం కూడా ఇచ్చింది. 2019కల్లా ఆ కన్సార్టియం ఇంకో సంస్థలో కలిసిపోయింది. ఇప్పుడు మార్కెటింగ్ వాళ్లు అన్నింటినీ ఎడ్జ్ అనేస్తున్నారు. పదం పలచబడింది, మధ్య వరుస అవసరం మాత్రం అలాగే ఉంది.

కవచ్‌లో ఏ పని ఎక్కడ జరుగుతుంది

ఇప్పుడు పట్టాల మీదకి వద్దాం. కవచ్ సెటప్‌ని మూడు అంతస్తులుగా ఊహించుకోండి.

అన్నింటికంటే కింద ఇంజన్. అందులో ఒక కంప్యూటర్, లోకో పైలట్ ముందు ఒక స్క్రీన్, బ్రేకులకి నేరుగా ఒక కనెక్షన్, ఇంజన్ పొట్ట కింద ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్. పట్టాల మధ్య స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగించి ఉంటాయి. స్టేషన్ల మధ్య సుమారు కిలోమీటరుకొకటి, ఇంకా సిగ్నళ్ల దగ్గర. ఫాస్టాగ్‌లాగే వీటికీ సొంత బ్యాటరీ ఉండదు. ఇంజన్ పైనుంచి దూసుకుపోతుంటే రీడర్ ఆ ట్యాగుని చదివి “నేనిప్పుడు ఫలానా చోట ఉన్నాను” అని తేల్చుకుంటుంది. రెండు ట్యాగుల మధ్య ఎంత దూరం వచ్చానన్నది చక్రాల తిరుగుడు లెక్కతో చూసుకుంటుంది. జీపీఎస్ ఉంటుంది కదా, ఇదంతా ఎందుకు అనుకుంటారేమో. పక్కపక్కనే రెండు లైన్లు నాలుగైదు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు నేను ఏ లైన్లో ఉన్నాను అన్నది జీపీఎస్ మీద భారం వేసి చెప్పలేం. మన క్యాబ్ డ్రైవర్ ఫ్లైఓవర్ మీదున్నాడో కిందున్నాడో మ్యాప్‌కి అర్థం కాక తికమకపడటం మీరూ చూసే ఉంటారు.

మధ్య అంతస్తు స్టేషన్. అక్కడి కవచ్ యూనిట్ స్టేషన్ ఇంటర్‌లాకింగ్ నుంచి ఏ సిగ్నల్ ఏ రంగులో ఉంది, ఏ దారి సెట్ అయింది అన్నది తీసుకుంటుంది. తన పరిధిలోని ఇంజన్లన్నీ తాము ఎక్కడున్నదీ యూహెచ్‌ఎఫ్ రేడియోలో చెప్తుంటాయి. రెండూ కలిపి చూసుకుని ఒక్కో ఇంజన్‌కీ “నువ్వు ఇదిగో ఇంతవరకే పోవచ్చు” అని చెప్తుంది. దీన్ని మూవ్‌మెంట్ అథారిటీ అంటారు. రైలు ముందుకు పోయేకొద్దీ ఇది తాజా అవుతూ ఉంటుంది. నేను ఫాగ్ అన్నది ఈ పెట్టెనే. ఒక ఇంజన్‌కి తెలియని సంగతి దీనికి తెలుసు, ఢిల్లీని అడగాల్సిన అవసరం దీనికి లేదు.

పై అంతస్తులో నెట్‌వర్క్ మానిటరింగ్ సిస్టమ్. ఏ రైలు ఎక్కడుంది, ఏ పెట్టెలో లోపం వచ్చింది, ఎవరికి బ్రేక్ పడింది అన్న రిపోర్టులన్నీ అక్కడ చేరతాయి. బ్రేక్ వెయ్యాలా అన్న నిర్ణయంలో దీనికి పాత్ర లేదు. ఈ అంతస్తు మొత్తం ఒక గంట పడిపోయినా కింద జరిగే రక్షణ జరుగుతూనే ఉంటుంది.

అంటే దారి ఎంతవరకు ఉందో స్టేషన్ చెప్తుంది. ఈ వేగంలో అక్కడికి ముందే ఆగగలనా అన్న లెక్క ఇంజన్ తనే వేసుకుంటుంది. కుదరదనిపిస్తే ముందు లోకో పైలట్‌ని హెచ్చరిస్తుంది, ఆయన స్పందించకపోతే తనే బ్రేక్ వేస్తుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర హారన్ కూడా తనే మోగిస్తుంది. ఇంకొకటి నాకు బాగా నచ్చింది: ఇంజన్ నుంచి ఇంజన్‌కి నేరుగా కూడా రేడియోలో మాట్లాడుకునే ఏర్పాటు ఉంది. మధ్యలో స్టేషన్ కూడా లేకుండా, ఎడ్జ్ నుంచి ఎడ్జ్‌కి.

రేడియో తెగిపోతే? ఇక్కడే డిజైన్ సంగతి తెలుస్తుంది. కొత్త అనుమతి రాలేదంటే “బహుశా దారి ఖాళీగానే ఉంటుందిలే” అని ఇంజన్ అనుకోదు. ఉన్న అనుమతి ఎక్కడిదాకా ఉందో అంతకు మించి ముందుకు లేనట్టే. తెలియకపోతే ఆగడం వైపే మొగ్గాలన్నది దీని మొదటి సూత్రం. ఒకే లెక్కని వేర్వేరు ప్రాసెసర్లు వేసి, జవాబులు కలిస్తేనే దాన్ని నమ్మేలా పెట్టెని కడతారు. కవచ్‌కి ఉన్న సర్టిఫికెట్ ఎస్‌ఐఎల్-4, సేఫ్టీ స్థాయిల్లో అన్నింటికంటే పైది. ప్రమాదకరమైన తప్పు గంటకి పది కోట్లలో ఒక వంతు కంటే తక్కువ అవకాశంతోనే జరగాలి అన్నది దాని గీటురాయి. సంవత్సరాల్లోకి మారిస్తే పది వేల ఏళ్లకి పైగా వస్తుంది. ఫోన్ ప్రాసెసర్ స్కోర్లు పోల్చుకునే మనకి ఇది వేరే లోకం, ఇక్కడ వేగవంతమైన చిప్‌కి ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇదంతా ఒక్క రోజులో రాలేదు. టీక్యాస్ అనే పేరుతో దీన్ని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ మన కంపెనీలతో కలిసి తయారుచేసింది. ప్రయాణికుల రైళ్ల మీద ట్రయల్స్ 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2020 జూలైలో దీన్ని జాతీయ వ్యవస్థగా తీసుకున్నారు. 2022 మార్చి 4న వికారాబాద్ దారిలో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా రెండింటిని నడిపి చూశారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదాంట్లో రైల్వే బోర్డు చైర్మన్. కవచ్ 380 మీటర్ల ముందే ఆపేసింది. సొంత ప్రొడక్ట్ డెమోలో ఇంత ధైర్యంగా కూర్చున్న ఫోన్ కంపెనీ బాస్‌ని నేనైతే చూడలేదు.

అంత బాగుంటే అన్నిచోట్లా ఎందుకు లేదు?

2023 అక్టోబర్ 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండల మధ్య విశాఖ–పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. వెనక నుంచి వచ్చి గుద్దడం అన్నది కవచ్ ఆపడానికి పుట్టిన ప్రమాదాల్లో మొదటి వరుసలోనిది. ఆ లైన్లో కవచ్ లేదు. అప్పటికి ఇది ఎక్కువగా ఉన్నది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, 1,465 రూట్ కిలోమీటర్లు. దేశం మొత్తం చూస్తే సుమారు 69,000.

ఎడ్జ్ కంప్యూటింగ్‌లో అసలు కష్టం ఇదే, దీన్ని ఏ కీనోట్‌లోనూ చెప్పరు. క్లౌడ్‌లో ఒక మంచి సాఫ్ట్‌వేర్ రాస్తే రాత్రికి రాత్రి అందరికీ అందుతుంది. ఎడ్జ్‌లో ఒక మంచి సాఫ్ట్‌వేర్ రాస్తే, దాన్ని నడిపే పెట్టె ప్రతి చోటా ఉండాలి. రైల్వే చెప్పిన లెక్క ప్రకారం పట్టాల వైపు, స్టేషన్ వైపు పరికరాలకి కిలోమీటరుకి రూ.50 లక్షలు, ఒక్కో ఇంజన్‌కి రూ.80 లక్షలు. 69,000 కి.మీ.కి వేస్తే ఒక్క పట్టాల వైపే రూ.34,500 కోట్లు. స్టేషన్ స్టేషన్‌కీ టవర్, ఆప్టికల్ ఫైబర్, కరెంటు, బ్యాటరీ. ఆ పెట్టెలు ఏసీ గదిలో ఉండవు. మే నెల రామగుండం ఎండ, ఇంజన్ కుదుపు, బొగ్గు దుమ్ము, పైన 25,000 వోల్టుల తీగ. ఇంజన్‌కి పెట్టి లైన్‌కి పెట్టకపోయినా, లైన్‌కి పెట్టి ఇంజన్‌కి పెట్టకపోయినా పూర్తి రక్షణ ఉండదు.

తర్వాత అప్‌డేట్ల గొడవ. ఇది మీకు బాగా అర్థమవుతుంది. మన జోన్‌లో ముందుగా పెట్టింది కవచ్ వెర్షన్ 3.2. వేరే రకం లైన్లకి, పెద్ద యార్డులకి సరిపోయేలా మెరుగుపరిచిన 4.0 వెర్షన్‌కి ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం 2024 జూలై 16న వచ్చింది. 2025 జూలైలో మథుర–కోట మధ్య అది నడకలోకి వచ్చింది. అంటే అందరికంటే ముందు కొన్నవాళ్లకే పాత వెర్షన్ మిగిలింది, దాన్ని మళ్లీ 4.0కి మార్చుకోవాలి. లాంచ్ రోజే ఫోన్ కొన్నవాడి బాధ రైల్వేకీ తప్పలేదు. కాకపోతే ఇక్కడ “రాత్రి 2 గంటలకి ఆటోమేటిగ్గా అప్‌డేట్ అవుతుంది” అని సెట్ చేసి పడుకోలేం. ఒక్కో పెట్టె దగ్గరికీ మనిషి వెళ్లాలి, పరీక్షించాలి, రైళ్లు ఆగకుండా ఇదంతా చెయ్యాలి. పైగా ఒక కంపెనీ ఇంజన్ పెట్టె ఇంకో కంపెనీ స్టేషన్ పెట్టెతో తేడా లేకుండా మాట్లాడాలి. మీ ఇంట్లో ఒక బ్రాండ్ వాచ్ ఇంకో బ్రాండ్ ఫోన్‌తో ఎంత బాగా కలుస్తుందో గుర్తు చేసుకోండి. ఈ పనులు తెలిసిన మనుషులు కావాలి కాబట్టే తార్నాకలోని ఇరిసెట్‌లో కవచ్ శిక్షణకి ప్రత్యేక కేంద్రం పెట్టారు.

రేడియో గురించి ఒక్క ముక్క. ఇప్పుడున్న యూహెచ్‌ఎఫ్‌లో చిన్న చిన్న సందేశాలకే చోటు. 2021 జూన్‌లో కేంద్రం రైల్వేకి 700 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్‌జ్ కేటాయించింది, ఎల్‌టీఈ కోసం. అది పూర్తిగా వస్తే కవచ్ సందేశాలే కాదు, వీడియో కూడా పోతుంది.

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసేది బాలాసోర్. 2023 జూన్ 2న బహానగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ పచ్చ సిగ్నల్ చూపించింది, పట్టాలు మాత్రం గూడ్స్ బండి ఆగి ఉన్న లూప్ లైన్ వైపు ఉన్నాయి. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ వైరింగ్‌లో చేసిన మార్పుల్లో లోపం ఉందని విచారణలో తేలింది. అప్పట్లో సోషల్ మీడియాలో అందరూ “కవచ్ ఉంటే ఆగేది” అన్నారు. నేను అంత గట్టిగా అనలేను. స్టేషన్ యూనిట్ నమ్మేది ఇంటర్‌లాకింగ్ చెప్పిన మాటనే. ఇంటర్‌లాకింగే మెయిన్ లైన్ సెట్ అయిందని చెప్తే, దగ్గర్లో ఉన్న కంప్యూటర్ అయినా దూరంగా ఉన్న కంప్యూటర్ అయినా అదే నమ్ముతుంది. ఎడ్జ్ వల్ల నిర్ణయం త్వరగా వస్తుంది, నెట్ లేకపోయినా వస్తుంది. సెన్సర్ అబద్ధం చెప్తే ఆ తప్పు నిర్ణయం కూడా అంతే త్వరగా వస్తుంది.

ఇప్పుడు మన జేబులోకి

కవచ్ చూశాక ఫోన్లని, కెమెరాలని నేను చూసే పద్ధతి మారింది. స్పెక్ షీట్ పక్కన పెట్టి ఒక్కటే అడుగుతున్నాను: నెట్ తీసేస్తే ఇది ఏం చేస్తుంది?

యూపీఐ లైట్ ఎక్స్ తీసుకోండి. 2023 సెప్టెంబర్‌లో వచ్చింది, రెండు ఫోన్లని దగ్గర పెట్టి నెట్ లేకుండానే డబ్బు పంపొచ్చు. ఇక్కడ బ్యాంకుని అడగకుండా ఫోన్ నిర్ణయం తీసుకుంటోంది. ఆ నిర్ణయం తప్పయితే నష్టం ఎంతలో ఉండాలి? అందుకే లైట్ వాలెట్‌లో ఉంచుకునే డబ్బుకీ, ఒక్కోసారి పంపే డబ్బుకీ పరిమితి పెట్టారు. మామూలు యూపీఐ లైట్‌లో మొదట రూ.2,000, రూ.200గా ఉన్న ఈ పరిమితులు 2024 డిసెంబర్‌లో రూ.5,000, రూ.1,000కి పెరిగాయి. రైలు “తెలియకపోతే ఆగు” అంటుంది. యూపీఐ లైట్ “తెలియకపోయినా కానీ, చిన్న మొత్తమైతేనే” అంటుంది. రెండూ నిజాయితీగా ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే.

నిజాయితీ లేనివి కూడా ఉన్నాయి. మా ఇంటి గుమ్మానికి పెట్టిన ఒక కెమెరా బాక్స్ మీద మనిషిని గుర్తుపట్టడం కెమెరాలోనే జరుగుతుందని రాసి ఉంది. జరుగుతుంది, అబద్ధం కాదు. కానీ గుర్తుపట్టాక అలర్ట్ కంపెనీ సర్వర్ చుట్టూ తిరిగి రావాల్సిందే. నేను అదే ఇంట్లో అదే వైఫైలో ఉన్నా సరే. ఇంటికొచ్చే బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ తెగితే చిప్ తన పని తను చేసుకుంటూ కూర్చుంటుంది, నాకు ఒక్క ముక్క అందదు. ఎడ్జ్ ఉంది, ఫాగ్ లేదు. ఇంట్లోనే ఉన్న ఒక హబ్ ద్వారా లోకల్‌గా నడిచే పరికరాలైతే ఈ బాధ ఉండదు. 2022లో వచ్చిన ‘మ్యాటర్’ ప్రమాణం ఉద్దేశం కూడా అదే. స్మార్ట్ లైట్లు, ప్లగ్గులు కొనేటప్పుడు దాని గుర్తు ఉందో లేదో చూడటం మంచిది.

ఇక ఆన్ డివైస్ ఏఐ. షాపులో ఎన్‌పీయూకి ఎన్ని ‘టాప్స్’ అని చెప్తారు. భాషా మోడళ్ల విషయంలో అంతకంటే ముందు చూడాల్సింది ర్యామ్. 300 కోట్ల పారామీటర్లున్న చిన్న మోడల్‌ని ఒక్కోదానికి 4 బిట్లకి కుదించినా 1.5 జీబీ. అది ఎప్పుడూ ర్యామ్‌లో కూర్చోవాలి. ఒక్కో టోకెన్ రాయడానికి ఆ 1.5 జీబీ మొత్తాన్నీ ఒకసారి చదవాలి. సెకనుకి 20 టోకెన్లు కావాలంటే ర్యామ్ నుంచి సెకనుకి 30 జీబీ లాగాలి. చిప్ ఎంత గొప్పదైనా ర్యామ్ అంత వేగంగా ఇవ్వకపోతే కూర్చోవాల్సిందే. 6 జీబీ ఫోన్లో ఇది నడిస్తే వెనకాల తెరిచి ఉన్న యాప్‌లు ఒక్కొక్కటీ ఎగిరిపోతాయి. ఫోన్ వేడెక్కితే వేగం ఇంకా పడుతుంది.

దీంట్లో తెలుగు వాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. ‘తెలుగు’ అన్న మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 6 బైట్లు. మన లిపిలో రాస్తే 18, ఎందుకంటే యూటీఎఫ్-8లో మన ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. మోడల్‌కి శిక్షణ ఇచ్చిన రాతల్లో తెలుగు తక్కువగా ఉంటే, మన మాటల్ని అది చిన్న చిన్న ముక్కలుగా నరికి చదువుతుంది. ఇంగ్లిష్‌లో ఒక్క టోకెన్‌తో పోయే మాటకి మనకి మూడో నాలుగో అవుతాయి. క్లౌడ్‌లో ఈ తేడా పెద్ద సర్వర్ మింగేస్తుంది, మనకి కనపడదు. ఫోన్లో అయితే జవాబు నెమ్మదిగా రావడం, బ్యాటరీ త్వరగా దిగడం రూపంలో నేరుగా మనమే భరించాలి. అంటే ఒకే ఫోన్, ఒకే చిప్, ఇంగ్లిష్ వాడికి చురుగ్గా, మనకి మందకొడిగా. ఏ లాంచ్ ఈవెంట్‌లోనూ ఈ అంకె చెప్పరు కాబట్టి మనమే చూసుకోవాలి.

షాపుకి వెళ్లినప్పుడు డెమో పీస్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపండి. రికార్డర్‌లో తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడి అక్షరాల్లోకి మార్చమనండి. ఒక తెలుగు పేరా ఇచ్చి క్లుప్తంగా చెప్పమనండి. చాలాసార్లు “ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి” అని వస్తుంది, అప్పుడే సంగతి తేలిపోతుంది. ఒకవేళ పని చేస్తే వెంటనే సంతోషించకండి, అదే పని వరసగా పదిహేను నిమిషాలు చేయించి ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి. తెలుగు భాషా ప్యాక్ ఆఫ్‌లైన్‌లో దించుకునే వీలుందో లేదో సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ దగ్గర కనిపిస్తుంది. సేల్స్‌మన్ తొందరపెడతాడు, పట్టించుకోవద్దు.